కడిగిన పెట్టె

అక్క పోయాక వెనకగదిలో అతని చేతికి మిగిలిన సరుకు ఇదీ: బీరువా నిండా చిక్కుపడిన తీగలు, ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన సౌండ్ కార్డు, మీటలే తప్ప సొంత గొంతు లేని చిన్న కీబోర్డు, చేతులు అరిగిపోయిన కుర్చీ, మూత పోయిన ఫ్లాస్కు, శబ్దాలు చేసే ఒక నల్ల పెట్టె. ఇందులో గిరాకీ ఉన్నది ఆ నల్ల పెట్టెకే. కాబట్టి ముందు దాన్నే అమ్మేశాడు.

అతనిది పాత వాయిద్యాలు కొని అమ్మే దుకాణం. బేరం ఒక కొలిక్కి రాగానే వేలి కణుపులతో బల్లమీద టక్కున కొట్టి, "ఖరారు" అనేవాడు. ఆ మాట అన్నాక ఎవరు కాళ్ళావేళ్ళా పడినా ధర కదిలేది కాదు. పోనుపోను బజారులో అతని పేరే ఖరారు అయిపోయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అక్క "ఒరేయ్" అని పిలిచేది. ఇప్పుడు ఒరేయ్ అనేవాళ్ళు కూడా లేరు.

అతనికి ఏ వాయిద్యమూ వాయించడం రాదు. గిటారు వీపు మీద తట్టి లోపల పగులుందో లేదో చెప్పగలడు. కీబోర్డు మీటల మీద అరచెయ్యి ఆన్చి, అది ఎన్ని చేతులు మారిందో అంచనా కట్టగలడు. అంతవరకే అతని సంగీతం. ఇంట్లో సంగీతమంతా అక్కది. ఆమె కాపురం మూణ్ణాళ్ళ ముచ్చటై పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికింకా తమ్ముడికి పెళ్ళి కాలేదు, ఆ తర్వాత అయ్యే యోగమూ కలగలేదు. ఇద్దరూ దుకాణం వెనకగదిని, పైన వంటిల్లుని పంచుకుని బతికేశారు. ఆమె సబ్బుల ప్రకటనలకీ, బళ్ళలో పిల్లలు వేసే నాటకాలకీ, ఆఫీసులకి ఫోను చేసినప్పుడు "దయచేసి వేచి ఉండండి" అన్నాక వచ్చే రాగాలకీ సంగీతం కట్టేది.

"నా పాట వినేవాళ్ళందరూ విసుక్కుంటూనే వింటార్రా" అని నవ్వేది.

సరుకు కొనడానికి అతను ఊళ్ళు తిరిగే రోజుల్లో దుకాణం తెరిచేదీ మూసేదీ అక్కే. అలాంటి ఒక రోజు మొండికేసిన షట్టరు ఒక్కసారిగా జారి, ఆమె కుడిచేతి ఉంగరపు వేలు నలిగిపోయింది. వేలు దక్కింది గానీ అందులో బలం దక్కలేదు. అతను నొచ్చుకుంటూ ఉంటే, "ఉంగరం ఎప్పుడో పోయింది, వేలు పోతే ఏం" అని తేలిగ్గా తీసిపారేసింది.

ఆ నల్ల పెట్టెకి ఆమె పెట్టుకున్న పేరు పెద్దమనిషి. దానికి మీటలు ఉండవు. చిన్న కీబోర్డు మీద వాయించింది కంప్యూటరులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి తీగ వెంట పెట్టెకి కబురు అందితేనే అది మోగుతుంది. "ఎవరూ అడగందే నోరు విప్పడు, అడిగితే మాత్రం నిండుగా చెప్తాడు, అందుకే పెద్దమనిషి" అనేది.

ఆఖరి ఏడాది ఆమె ఒకే పాట మీద పడింది. దుకాణంలో అతను కూర్చునే కుర్చీకీ వెనకగదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. రోజంతా అదే రాగం గోడలోంచి వచ్చేది. నెమ్మదిగా మెట్లెక్కుతున్నట్టు ఎక్కి, ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేది.

ఒక రోజు అతను కూర్చున్నచోటినుంచే గోడకేసి అరిచాడు. "అక్కా, ఆ మెట్టు కూడా ఎక్కెయ్యరాదూ. వచ్చిన గిరాకీ చిరాకుపడి పోతోంది."

"ఎక్కాక ఎక్కడికి పోవాలో తెలియాలి కదరా" అని గోడ అవతలినుంచి జవాబు వచ్చింది.

మర్నాడు అతను దుకాణంలోంచి మంచి హెడ్‌ఫోన్లు ఒక జత తీసి, దుమ్ము తుడిచి తీసుకెళ్ళి ఆమె బల్లమీద పెట్టాడు. "ఇవి పెట్టుకో. నీకూ సుఖం, నాకూ సుఖం."

ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి కొనేవాడు దొరకలేదా, నాకిస్తున్నావు?" అంది. కానీ పెట్టుకుంది. ఆ రోజునుంచి గోడ మూగపోయింది. కొన్నాళ్ళకి ఆమె హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని తలుపు దగ్గరకి వచ్చి, "అయిపోయిందిరా. వచ్చి విను" అంది. అతను ఎవరికో వయొలిన్ చూపిస్తున్నాడు. "ఆదివారం వింటాలే" అన్నాడు. ఆదివారాలు సరుకు కోసం తిరగడానికే చాలేవి కావు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఒక ఉదయం ఆమె గుండె ఆగింది, ఆస్పత్రి మెట్లు ఎక్కించేలోపే.

దుకాణంలో అతనికి ఒక పద్ధతి ఉంది. ఏ కీబోర్డు కొన్నా, ఏ శబ్దాల పెట్టె కొన్నా, అద్దాల బీరువాలో పెట్టేముందు దాన్ని కడిగేవాడు. నీళ్ళతో పని లేదు. రెండు బొత్తాలు కలిపి నొక్కిపట్టి స్విచ్చి వేస్తే చాలు, పాత యజమాని తయారుచేసి దాచుకున్న శబ్దాలన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఫ్యాక్టరీలో పోసిన శబ్దాలు మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. వెనకటికి ఒకసారి కడగకుండా అమ్మితే, కొన్నాయన ఇంటికెళ్ళి మీట నొక్కగానే ఎవరిదో పసిపిల్ల ఏడుపు వినిపించిందట. సాయంత్రానికల్లా దాన్ని తెచ్చి బల్లమీద పెట్టి, "నేను కొన్నది వాయిద్యమండీ, వాళ్ళ సంసారం కాదు" అన్నాడు. పాత మనిషి వాసన ఉన్న సరుకుకి సగం ధరే పలుకుతుందని ఖరారు అప్పుడే తేల్చుకున్నాడు.

అక్క పెట్టెని కూడా అలాగే కడిగాడు. దిగులు మనసుకి పట్టింది గానీ చేతులకి ఇంకా కబురు అందలేదు. బొత్తాలు నొక్కిపట్టాయి, స్విచ్చి వేశాయి, మెత్తటి గుడ్డతో తుడిచాయి. సైకిల్ రిపేరు షాపు మీద గదిలో పిల్లలకి సంగీతం చెప్పే టీచరమ్మ వచ్చి దాన్ని కొనుక్కుపోయింది. "ఇలాంటిది మళ్ళీ దొరకదు" అని ఆమెకి చెప్పాడు. అది అతను ప్రతి సరుకుకీ చెప్పే మాటే.

కొన్ని వారాలకి పక్క సందులో జిరాక్స్ షాపతను పాత కంప్యూటరు ఏదైనా ఉందా అని అడిగితే, ఉంది ఇస్తానని మాటిచ్చాడు. అతనికి ఇచ్చేముందు కంప్యూటరుని కూడా కడుగుదామని ఖరారు వెనకగదిలోకి వెళ్ళి స్విచ్చి వేశాడు. సంగీతం కట్టే సాఫ్ట్‌వేరు తెరవగానే, అక్క ఆఖరిసారి ఏ పనిలో ఉందో ఆ పనే తెరమీదకి వచ్చింది. తెరకి అడ్డంగా ఒకే ఒక పట్టీ. అందులో పొట్టివీ పొడుగువీ రంగు పుల్లలు ఎగుడుదిగుడుగా పేర్చినట్టు ఉన్నాయి. ఎడమనుంచి కుడికి ఎక్కుతూ, ఎక్కుతూ, ఒకచోట ఆగి. ఆ ఆగినచోటు తర్వాత ఇంకా ఉన్నాయి.

అతను అక్క కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటరు మీటల్లో ఆమె బొటనవేలితో కొట్టే పొడుగు మీటని కొట్టాడు. నిలువు గీత ఒకటి కదిలి, పుల్లల మీదుగా నింపాదిగా నడుచుకుంటూ పోయింది. శబ్దం మాత్రం లేదు.

స్పీకరు పోయిందేమో అనుకున్నాడు. పాత సబ్బు ప్రకటన ఒకటి తెరిచి చూస్తే గణగణా మోగింది. మళ్ళీ ఆ పాటకి వచ్చి మీట కొట్టాడు. గీత నడిచింది. గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు పట్టీ పక్కన అక్క కొట్టిపెట్టుకున్న పేరు కనిపించింది: పెద్దమనిషి.

వ్యాపారం చేసినవాడికి ఆ మాత్రం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. తెరమీద ఉన్నది చీటీ. ఏ మీట, ఎంత బలంగా, ఎంతసేపు అన్నది అందులో రాసి ఉంది. సరుకు ఉన్నది పెట్టెలో. పెట్టె సైకిల్ షాపు మీద ఉంది.

జిరాక్స్ షాపతనికి కంప్యూటరు లేదని చెప్పి పంపేశాడు. మాట ఇచ్చి తప్పడం అతనికి అదే మొదలు. జిరాక్స్ అతను వెళ్తూ వెళ్తూ, "ఖరారు అని పేరు పెట్టినవాళ్ళని అడగాలి" అని గొణిగాడు.

టీచరమ్మ గదికి వెళ్ళేసరికి పిల్లలు అప్పుడే వెళ్ళిపోయారు. చాపలు చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి. కిందనుంచి ఎవరో ట్యూబులో గాలి కొడుతున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది. నల్ల పెట్టె కిటికీ పక్కన బల్లమీద ఉంది, దానిమీద ఒక కొత్త జేబురుమాలు కప్పి.

"పెట్టె వెనక్కి కావాలండీ టీచరుగారూ" అన్నాడు.

"అమ్మేటప్పుడు ఇలాంటిది మళ్ళీ దొరకదన్నారు" అంది ఆమె. "నేను అమ్మకానికి చెప్పే మాటేమో అనుకున్నా. నిజమేనన్నమాట."

"మీరిచ్చిన డబ్బంతా తిరిగి ఇచ్చేస్తాను."

"మీ దుకాణంలో వెనక్కి తీసుకోబడదని బోర్డు రాసి పెట్టింది మీరే కదండీ. నా దగ్గరా అదే బోర్డు అనుకోండి."

అతను బల్ల దగ్గరకి వెళ్ళి రుమాలు అంచు సరిచేశాడు. ఎప్పుడూ అతను అవతలివాళ్ళ మొహంలో చూసే ఆత్రం ఇప్పుడు తన మొహంలో ఉందని అతనికి తెలుసు. ఆ ఆత్రం కనిపించిన క్షణాన బేరం పోయినట్టే. దాచడానికి కూడా ప్రయత్నించలేదు.

"మీకేం కావాలో చెప్పండి" అన్నాడు.

టీచరమ్మ ఒక్క క్షణం అనుమానంగా చూసింది. తర్వాత అడిగింది, "అద్దాల బీరువాలో ఉంటుందే, బరువు మీటల పెద్ద కీబోర్డు. అది."

"తీసుకోండి."

"స్టాండుతో."

"స్టాండుతోనే."

"ఒంట్లో బాగానే ఉందా అండీ?" అంది ఆమె. "పోయినసారి నేను వచ్చినప్పుడు మీరు కేబుల్ చుట్టడానికి రబ్బరు బ్యాండు కూడా ఇవ్వలేదు."

అతను కణుపులతో ఆమె బల్లమీద టక్కున కొట్టాడు. ఖరారు అనడం మర్చిపోయాడు. పెట్టెని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

దాన్ని కంప్యూటరుకి కట్టడం పెద్ద పని అవుతుందని అతను అనుకోలేదు. ఏ తీగ ఏ వాయిద్యానికి సరిపోతుందో నిద్రలో అడిగినా చెప్పగలడు, అవన్నీ కట్టలు కట్టి అమ్మినవాడే. కానీ అమ్మడం వేరు. ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గున్న తీగ తీసి రెండు కొసలూ పెట్టి పొడుగు మీట కొట్టాడు. గీత నడిచింది. పెట్టె పెద్దమనిషి లాగే కూర్చుంది.

అక్క పాటలకి తుదిమెరుగులు దిద్దే మిక్సింగ్ అతనికి ఫోను చేశాడు. అతను అక్కని అక్కగారు అనేవాడు, ఖరారుని అన్నా అనేవాడు, ఇద్దరితోనూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే మాట్లాడేవాడు.

"ఏ తీగ ఎక్కడ పెట్టావన్నా?"

"ఇన్ అని రాసున్న కన్నంలోంచి ఇన్ అని రాసున్న కన్నంలోకి. పద్ధతిగానే పెట్టాను."

"ఇద్దరూ చెవులప్పగించి కూర్చుంటే మాట్లాడేదెవరు? సౌండ్ కార్డు అవుట్‌లోంచి పెట్టె ఇన్‌లోకి పెట్టు."

మార్చి పెట్టాడు. పెట్టె ముఖాన చిన్న ఎర్ర దీపం మినుకుమంటూ లేచింది. పుల్ల పుల్లకీ ఒకసారి వెలుగుతోంది. అతని ప్రాణం లేచి వచ్చింది.

"వెలుగుతోంది. కానీ మాట లేదు."

"సౌండు తెచ్చే కేబుల్ పెట్టావా?"

"ఒక కేబుల్ పెట్టానుగా."

"అది ఆర్డరు పట్టుకెళ్ళే మనిషన్నా. చెప్పి ఊరుకుంటాడు, సరుకు మొయ్యడు. సరుకు రావాలంటే వేరే బండి కట్టాలి. పెట్టె వెనక లావు కన్నాలు రెండుంటాయి, అక్కణ్ణుంచి సౌండ్ కార్డుకి."

"ఈ ముక్క ముందే చెప్తే పోయేదిగా."

"నువ్వు ముందే అడిగితే పోయేదిగా."

లావు తీగలు రెండు పెట్టాడు. అయినా మాట రాలేదు. ఆ పట్టీకి ఒక చిన్న కిటికీ ఉంటుందని, అందులో ఆర్డరు ఏ దారిన పంపాలో, ఏ ఛానల్లో పంపాలో, శబ్దం ఏ దారిన తిరిగి రావాలో చెప్పుకోవాలని మిక్సింగ్ అతను వివరించాడు. మొదటి రెండూ అక్క పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడోదాని దగ్గర "లేదు" అని ఉంది.

"ఇంకోటన్నా. ఆర్డరు వెళ్ళి సౌండు తిరిగి రావడానికి రవంత ఆలస్యం పడుతుంది. కింద ఒక అంకె ఉంటుంది, దాన్ని సరిచెయ్యాలి. లేకపోతే మిగతా వాయిద్యాలకన్నా వెనకబడిపోతుంది."

"మిగతా వాయిద్యాలేం లేవు. ఇదొక్కటే ఉంది."

ఫోనులో అతను అన్నాడు, "అయితే ఫర్వాలేదు. ఒంటరిది ఎవరికన్నా వెనకబడుతుంది."

ఖరారు "లేదు" అన్నచోట నొక్కి, లావు తీగలు దిగిన కన్నాల నంబరు ఎంచాడు. పొడుగు మీట కొట్టాడు.

గది అదిరింది. కోట గుమ్మం ముందు ఊదినట్టు పెద్ద బాకా ఒకటి, గోడలు పగిలేలా, ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. రాగం అదే. అడుగులు అవే. కానీ బాకా. అతను గబగబా ఆపేసి, మళ్ళీ వేసి, ఫోనుని స్పీకరు దగ్గర పెట్టాడు.

"అది అక్కగారి సౌండు కాదన్నా" అన్నాడు మిక్సింగ్ అతను.

"తెలుస్తూనే ఉంది."

"పెట్టెలో ఆ పాట అడిగే నంబరు గదిలో ఆవిడ సొంతంగా చేసుకున్న సౌండు ఉండాలి. నెలలు పట్టి చేసుకుంది, నాకు కూడా వినిపించలేదు. టీచరమ్మ ఏమైనా పొరపాటున చెరిపేసిందా?"

"ఆవిడ ముట్టుకోలేదు."

"మరి?"

ఖరారు తన చేతులకేసి చూసుకున్నాడు. "కడిగారు" అన్నాడు.

"ఎవరు?"

"దుకాణం వాళ్ళు."

అవతల హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎక్కడైనా ఇంకో కాపీ దాచుకుందేమో చూశావా?"

"చూశాను. అక్క దాచే మనిషి కాదు. పెట్టె ఇంట్లోనే ఉంటుంది కదా అనుకుని ఉంటుంది."

"పోనీలే అన్నా. నోట్లు మాత్రం ఆవిడవే. ఆ ఉంగరపు వేలు పడ్డచోటల్లా స్వరం మెత్తగా పడేది. కంప్యూటరులో అన్నీ ఒక్క తీరుగా చేసేస్తానంటే ఒప్పుకునేది కాదు. ఆ వేలు రిటైరయింది, దాన్ని మళ్ళీ పనిలో పెట్టకు అనేది."

ఆ మాట అప్పుడు అతని చెవికి పూర్తిగా ఎక్కలేదు. పోయిన సరుకు లెక్కలోనే ఉన్నాడు.

మర్నాటినుంచి దుకాణంలో పని లేని వేళల్లో వెనకగదిలోకి వెళ్ళి, పెట్టెలో ఫ్యాక్టరీవాళ్ళు పోసిన శబ్దాలని ఒక్కొక్కటీ తీసి ఆ పాటకి తొడిగి చూశాడు. సరుకు ఏరినట్టు ఏరాడు. వేణువు అన్నది వేణువు కాదు. వయొలిన్ అన్నది దోమ పాట. ఒకటి గంటలా ఉంది, ఒకటి ఎవరో సీసా మూతి మీద ఊదినట్టు ఉంది. ఏదీ గోడలోంచి ఏడాది పొడుగునా విన్న ఆ శబ్దం కాదు. ఆ ఆఖరి మెట్టు దాకా వచ్చేసరికి ప్రతిసారీ ఆపేసేవాడు. అవతల ఏముందో తెలుసుకోవాలంటే ఆమె గొంతుతోనే తెలుసుకోవాలి, బాకాలతోనూ సీసాలతోనూ కాదు అని అతని పట్టుదల. అందుకోసమే అద్దాల బీరువాలో పెద్ద కీబోర్డుని వదులుకున్నాడు. ఆఖరి మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వచ్చి, ఆగి, మళ్ళీ మొదటికి వచ్చి, వారం తిరిగేసరికి అతను అక్క చేసిన పనే చేస్తున్నాడు, మెడలో ఆ హెడ్‌ఫోన్లే వేసుకుని.

భోజనం పైకి వెళ్ళి ఒక్కడే తినేవాడు. కంచం వంటగట్టు మీద పెట్టుకుని నిలబడే తినేసేవాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంటే బల్ల ఏదో పక్కకి ఒరిగినట్టు అనిపించేది అతనికి.

ఒక సాయంత్రం పెట్టెలో జాబితా ఆఖరికి వచ్చింది. ఏ ప్రత్యేకతా లేని, ఎవరూ ఎంచుకోని, పల్చటి ఊదుడు శబ్దం ఒకటి మిగిలింది. దాన్ని తొడిగి పొడుగు మీట కొట్టాడు. చప్పగా ఉంది. ఇంతలో దుకాణంలో గంట మోగింది. ఆపకుండానే లేచి వెళ్ళాడు. వెనకగది తలుపు తనంతట తనే మూసుకుంది.

వచ్చినాయనకి గిటారు తీగ కావాలి. ఖరారు అలవాటుగా తన కుర్చీలో కూర్చుని సొరుగు లాగాడు. లాగిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

గోడలోంచి అక్క పాట వస్తోంది.

తడిసిన దుప్పటిలో చుట్టినట్టు, కొంచెం దూరంగా, పదునంతా గోడ తాగేయగా మిగిలిన ఆ శబ్దమే. అతను ఏడాది పొడుగునా విన్నదీ, విసుక్కున్నదీ అదే.

"ఏమండీ, తీగ" అన్నాడు వచ్చినాయన.

"ఒక్క నిమిషం కూర్చోండి."

"కూర్చోడానికి ఇక్కడ కుర్చీ ఏదండీ?"

"అయితే నుంచోండి."

అప్పుడు అర్థమైంది. అతను ఏనాడూ ఆ గదిలో కూర్చుని వినలేదు. ఆమె నెలలు పట్టి చేసుకున్న శబ్దం ఎలా ఉండేదో అతనికి తెలియనే తెలియదు, తెలిసిందల్లా గోడ ఇచ్చిందే. రెండు బొత్తాలు నొక్కి కడిగేసింది తన దగ్గర ఎన్నడూ లేని సరుకుని. లేని సరుకు పోతే నష్టం రాసుకోవడం ఏ వ్యాపారంలోనూ లేదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఏ నష్టమూ ఇంతగా కుదిపింది కూడా లేదు.

రాగం ఆఖరి మెట్టుకి వచ్చింది. లేచి వెళ్ళి ఆపాలని అతని కాళ్ళు అనుకున్నాయి. అతను వాటిని కదలనివ్వలేదు.

ఆగింది. ఊపిరి తీసుకునేంతసేపు ఆగింది. తర్వాత పైకి ఎక్కలేదు. వచ్చిన దారినే, ఇంకా నెమ్మదిగా, దిగడం మొదలుపెట్టింది. దీపం ఆర్పడం మర్చిపోయి వెనక్కి వచ్చిన మనిషిలా, మెట్టుకొకసారి ఆగుతూ దిగింది. ఎక్కేటప్పుడు అతను ఎన్నడూ గమనించనిది దిగేటప్పుడు వినిపించింది. ఉండి ఉండి ఒక స్వరం మెత్తగా, తాకీ తాకనట్టు పడుతోంది. ఒక కాలు రవంత ఈడ్చే మనిషి నడకలా. ఆ ఉంగరపు వేలు. శబ్దం ఎవరిదైనా కావచ్చు, ఏ ఫ్యాక్టరీదైనా కావచ్చు. ఆ తడబాటు మాత్రం షట్టరు కింద నలిగిన వేలిదే, ఈ దుకాణం షట్టరుదే. బొత్తాలు నొక్కినప్పుడు అది పెట్టెలో లేదు, చీటీలో ఉంది, అందుకే మిగిలింది. పాట ఆ వేలి మీదే ముగిసింది, వినపడీ వినపడకుండా.

గిటారు తీగ కొన్నాయన చిల్లర జేబులో వేసుకుంటూ, "రేడియోనా?" అన్నాడు.

"కాదు" అన్నాడు ఖరారు. అంతకన్నా చెప్పబుద్ధి కాలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం షట్టరు దించేముందు వెనకగదిలోకి వెళ్ళి పొడుగు మీట కొట్టి, తలుపు దగ్గరగా వేసి, వచ్చి తన కుర్చీలో కూర్చునేవాడు. గది లోపల కూర్చుని వినడానికి ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. అక్కడ అది వట్టి పెట్టె శబ్దం. గోడ ఇవతలకి వస్తేనే మనిషి వస్తుంది.

అలా పాట నడుస్తూండగా ఒక సాయంత్రం టీచరమ్మ గుమ్మంలో కనిపించింది.

"కీబోర్డు ఇచ్చారు, స్టాండు ఇచ్చారు, పెడల్ ఎగ్గొట్టారు" అంది. "మీరు చేతికి ఎముక లేని మనిషైపోయారని ఇంట్లో దిగులు పెట్టుకున్నాను. ఇప్పుడు కుదుటపడింది."

"పెడల్ మాట బేరంలో రాలేదండీ."

"ఇప్పుడు వచ్చింది."

అతను వంగి కింది అరలో వెతకసాగాడు. టీచరమ్మ గోడకేసి తల వంచి వింటోంది. పిల్లల తప్పులు పట్టే చెవి, ఊరుకోదు.

"లోపల ఎవరండీ, వాయిస్తున్నది?"

అతను వెతకడం ఆపలేదు. "మా అక్క."

ఆమెకి సంగతి తెలుసు. పెట్టె కొన్ననాడే అడిగి తెలుసుకుంది. పాట దిగుతున్నంతసేపూ నిలబడింది. తర్వాత, తన దగ్గర నేర్చుకునే పిల్ల గురించి మాట్లాడుతున్నట్టే, "చెయ్యి బాగుంది. నాలుగో వేలు తేలిపోతోంది" అంది.

"దెబ్బ తగిలింది లెండి" అన్నాడు ఖరారు. "పట్టించుకోదు."

పెడల్ తీసి, దుమ్ము తుడిచి, తీగ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. ఆమె రబ్బరు బ్యాండుకేసి చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. అతను షట్టరు సగం దించి, ఆ సగం వెలుతురులో కుర్చీలో కూర్చుని లెక్క చూసుకున్నాడు. పోయింది: బరువు మీటల కీబోర్డు, స్టాండు, ఇప్పుడు పెడల్, జిరాక్స్ షాపతని దగ్గర మాట, తను ఒక్కసారైనా వినని ఒక శబ్దం. వచ్చింది: ఆఖరి మెట్టు అవతల కొంత దారి, ఒక వేలు.